ప్లేస్టేషన్ డిస్కులోని సంగీతం: రిప్ చేయాలా, డీకోడ్ చేయాలా, రికార్డ్ చేయాలా?

మొదటి ప్లేస్టేషన్ గేముల సంగీతం ఫోన్‌లో వినాలనిపిస్తే చాలామంది ఎమ్యులేటర్‌లో (కన్సోల్‌ను అనుకరించే ప్రోగ్రామ్‌లో) గేమ్ ఆడుతూ శబ్దాన్ని రికార్డ్ చేస్తారు. నేనైతే ఆ పని చివరికి పెట్టుకుంటాను. అలా చేస్తే మెనూ టిక్కులు, పేలుళ్లు అన్నీ పాటలో కలిసిపోతాయి. మళ్లీ విడదీయలేం. అసలు పాట డిస్కులో ఏ రూపంలో ఉందో ముందు చూసుకుంటే ఏ పద్ధతి మేలో తేలిపోతుంది.

అన్నిటికన్నా సులువు సీడీ ఆడియో ట్రాకులున్న డిస్కులు. 1994 నాటి రిడ్జ్ రేసర్, 1995 నాటి వైపౌట్ ఈ కోవలోవే. మొదటి ట్రాకు గేమ్ డేటా. రెండోదాని నుంచి మామూలు ఆడియో సీడీలాగే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో పాటలు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ప్రోగ్రామ్‌తో రిప్ చేస్తే, అంటే ట్రాకులను ఉన్నవున్నట్టు ఫైళ్లుగా కాపీ చేసుకుంటే, పని అయిపోయినట్టే. మొదటి ట్రాకును మాత్రం సీడీ ప్లేయర్‌లో వాయించకండి, స్పీకర్లు దెబ్బతినే రొద వస్తుంది. 1997 నాటి క్యాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్‌లో ఈ హెచ్చరికను రెండో ట్రాకులో కథానాయకుడు అలూకార్డే స్వయంగా చెబుతాడు. అంత శ్రద్ధ తీసుకున్న వాళ్లంటే నాకు గౌరవం.

అసలు చిక్కు ఎక్స్‌ఏ రకంతో, అంటే కుదించిన శబ్దాన్ని గేమ్ డేటా ట్రాకులోనే ఉంచే పద్ధతితో. ఇందులో శబ్దాన్ని ఒక్కో శాంపిల్‌కు (శబ్దపు ఒక్కో కొలతకు) 4 బిట్ల చొప్పున కుదించి, 37.8 లేదా 18.9 కిలోహెర్ట్జ్‌లో ఉంచుతారు. డ్రైవు రెట్టింపు వేగంతో చదువుతున్నప్పుడు 37.8 కిలోహెర్ట్జ్ స్టీరియో పాటకు ఎనిమిది సెక్టార్లలో (డిస్కుపై డేటా ముక్కల్లో) ఒకటి సరిపోతుంది. అందుకే ఎనిమిది పాటలను ఎనిమిది పాయల జడలా ఒకే ఫైల్‌లో అల్లేయవచ్చు. పాయలు విడదీయకుండా వింటే ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది.

ఇక్కడే డిస్కుకు ఐఎస్‌ఓ ఇమేజ్ (డేటా మాత్రమే ఉండే ఒక్క ఫైల్ నకలు) తీసినవాళ్లు నష్టపోతారు. ఐఎస్‌ఓలో సెక్టార్‌కు 2,048 బైట్లే ఉంటాయి, ఎక్స్‌ఏ శబ్దపు సెక్టార్‌లో 2,324 బైట్లు ఉంటాయి. మిగిలింది తెగిపోతుంది. సీడీ ఆడియో ట్రాకులైతే ఐఎస్‌ఓలోకి అసలే రావు. కాబట్టి సెక్టార్ మొత్తం, అంటే 2,352 బైట్లూ దాచే బిన్ ఫైల్, ట్రాకుల వివరాలుండే క్యూ ఫైల్ జతగానే తీయండి. ఆ ఇమేజ్‌ను జేపీఎస్‌ఎక్స్‌డెక్ అనే ప్రోగ్రామ్‌లో తెరిస్తే పాయలను అదే విడదీసి, ఒక్కో పాటను వేవ్ ఫైల్‌గా ఇస్తుంది.

మూడో రకంలో రికార్డయిన పాటే ఉండదు. ఫైనల్ ఫాంటసీ 7 సంగీతంలో చాలా భాగం ఇలాంటిదే: డిస్కులో ఉండేవి స్వరాల ఆదేశాలు, వాయిద్యాల చిన్నచిన్న శబ్దపు తునకలు (వీటినీ శాంపిళ్లనే అంటారు) మాత్రమే. కన్సోల్‌లోని సౌండ్ చిప్ 512 కిలోబైట్ల మెమరీతో, ఒకేసారి 24 స్వరాల దాకా అప్పటికప్పుడు వాయిస్తుంది. ప్రతిధ్వని కూడా అదే కలుపుతుంది. అందుకే శాంపిళ్లు మాత్రమే తీసి పేర్చితే పాట పొడిపొడిగా ఉంటుంది. దీనికి పీఎస్‌ఎఫ్ ఫైళ్లు మేలు: గేమ్‌లోంచి సంగీతపు ఆదేశాలు, శాంపిళ్లు, వాటిని వాయించే కోడ్ తీసి పెట్టినవి. వీటిని తెరిచే ప్లేయర్ ఆ చిప్ పనిని అనుకరిస్తూ పాటను మళ్లీ వాయిస్తుంది, గేమ్ చప్పుళ్లు అంటవు. పీఎస్‌ఎఫ్ దొరకని గేమ్ అయితేనే రికార్డింగ్.

ఇక ఏ ఫార్మాట్‌లో దాచాలి? నా ఓటు నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్‌కే. ఎక్స్‌ఏలో శబ్దం ఇప్పటికే ఒకసారి నలిగింది, ఎంపీ3 చేస్తే రెండోసారి నలుగుతుంది. పైగా ఎంపీ3కి 37.8 కిలోహెర్ట్జ్ చేతకాదు, 44.1 లాంటి వేరే రేటుకు మార్చాల్సిందే. ఫ్లాక్ ఉన్న రేటును ఉన్నట్టే ఉంచుతుంది. ఫోన్‌లో చోటు చాలకపోతే ఆ ఫ్లాక్ నుంచే ఎంపీ3 కాపీ ఇంకొకటి చేసుకోండి. బిన్, క్యూ ఫైళ్లను మాత్రం చెరపకండి. పాతికేళ్లు దాటిన డిస్కును డ్రైవు మళ్లీ చదువుతుందో లేదో.