మూడు సీసాల బ్లడ్ గ్రూపింగ్ కిట్టు, తోడుగా ఉలవల లెక్టిన్

మా డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలకు ఈ ఏడాది తెప్పించిన బ్లడ్ గ్రూపింగ్ కిట్టులో 10 మిల్లీలీటర్ల సీసాలు మూడు ఉన్నాయి: నీలి రంగు యాంటీ-ఎ, పసుపు రంగు యాంటీ-బి, రంగు లేని యాంటీ-డి. వీటికి తోడు, ఎ గ్రూపులోని ఎ1 ఉపవర్గాన్ని గుర్తించే యాంటీ-ఎ1 లెక్టిన్‌ను విడిగా కొన్నాను; లెక్టిన్ అంటే చక్కెరలను పట్టుకునే ప్రోటీన్.

మొదటి రెండు సీసాలకు వంక పెట్టడానికి లేదు. నాది ఎ గ్రూపు. స్లైడు మీద నా రక్తపు చుక్కను నీలి ద్రావణంతో కలిపి అటూ ఇటూ వంచగానే, అర నిమిషం లోపే, తడి గాజు మీద రవ్వ చల్లినట్లు ఎర్రని పలుకులు తేలాయి. పసుపు ద్రావణం కలిపిన చుక్క మాత్రం నున్నగా అలాగే ఉండిపోయింది.

ఇలా ఎందుకు జరుగుతుందో కిట్టులోని కరపత్రం ఒక్క ముక్క కూడా చెప్పదు, నాకు నచ్చనిది అదే. ఎర్ర రక్తకణం తయారయ్యే దశలోనే దాని పైపొరలోని ప్రోటీన్లకు, కొవ్వులకు ఎంజైములు ఒక్కొక్క చక్కెరనే చేరుస్తూ గొలుసు అల్లుతాయి. ఆ గొలుసు కొసకు ఫ్యూకోజ్ అతికితే హెచ్ ప్రతిజనకం (యాంటీజెన్, అంటే కణం మీది గుర్తు) అవుతుంది. ఓ గ్రూపు వారిలో అల్లిక అక్కడితో ఆగిపోతుంది. ఎ గ్రూపు వారిలో దానికి ఎసిటైల్ గెలాక్టోసమైన్, బి గ్రూపు వారిలో గెలాక్టోజ్ అదనంగా చేరతాయి. ఈ రెండు చక్కెరలకూ తేడా రెండో కార్బన్ దగ్గరున్న చిన్న సమూహం మాత్రమే. సీసాలోని ప్రతిరక్షకం (యాంటీబాడీ) పోల్చుకునేది దానినే; అలా పట్టుకుని కణాలను గుమిగూడుస్తుంది. ఆర్‌హెచ్ పాజిటివా నెగటివా అని తేల్చే డి మాత్రం చక్కెర కాదు, ప్రోటీన్.

1952లో భెండే బృందం బొంబాయిలో గుర్తించిన రక్తవర్గంలో ఆ ఫ్యూకోజే అతకదు కనుక, ఈ కిట్టు అటువంటి వారిని కూడా ఓ గ్రూపుగానే చూపిస్తుంది. హెచ్ లేని వారికి, హెచ్ ఉన్న ఓ గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. కనీసం ఈ హెచ్చరికైనా కరపత్రంలో అచ్చు వేయవలసింది.

లెక్టిన్ సీసా మీద డోలికోస్ బైఫ్లోరస్ అని ఉంది. అవి ఉలవలేనని చెప్పగానే, "చారు కాచుకునే ఉలవలేనా మేడమ్?" అని వెనుక బల్ల నుంచి ప్రశ్న వచ్చింది. అవే. ఆ గింజలోని ప్రోటీన్ ఎసిటైల్ గెలాక్టోసమైన్‌ను పట్టుకుని ఎ1 కణాలను గుమిగూడుస్తుంది. ఆ చక్కెర కొసలు తక్కువగా ఉండే ఎ2 ఉపవర్గపు కణాలను, తగిన పలుచదనంలో, వదిలేస్తుంది.

యాంటీ-డి సీసా మూత కారింది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండవలసిన పెట్టెలో మంచు పొట్లాలు కరిగి గోరువెచ్చగా చేరాయి. ఫిర్యాదు చేస్తే సీసా మార్చి ఇచ్చారు గాని, అప్పటికి ప్రాక్టికల్ పరీక్షలు ముగిశాయి. వచ్చే ఏడాది హెచ్ ఉందో లేదో తేల్చే యాంటీ-హెచ్ లెక్టిన్‌ను కూడా జాబితాలో చేరుస్తాను. సీసాలు మాత్రం కొరియరులో కాక, ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చే దుకాణంలోనే కొంటాను.