టెక్సాస్ ఏ అండ్ ఎం: రెండేళ్ల చదువు, ఒక మంగళవారం రాత్రి

మా పిన్ని కొడుక్కి టెక్సాస్ ఏ అండ్ ఎం, యూటీ డాలస్ రెండింటి నుంచీ అడ్మిట్ వచ్చింది. "అన్నయ్యా, క్యాంపస్ లైఫ్ ఎక్కడ బాగుంటుంది?" అని అడిగాడు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. నేను ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఉన్న కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో రెండేళ్లు ఎమ్మెస్ చేశాను. ర్యాంకింగులు, ఫీజుల జోలికి పోను.

మొదటి నెలల్లో అక్కడి సందడి నాకు ఎక్కలేదు. ఎదురైనవాళ్లు "హౌడీ" అంటారు, కానీ ఆగరు. అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం కైల్ ఫీల్డ్‌లో 1,02,733 మంది పడతారు. విద్యార్థులు మ్యాచ్ అయ్యేదాకా నిలబడే ఉంటారు. 1922లో డాలస్‌లో జరిగిన ఆటలో, అవసరమైతే దిగుదామని కింగ్ గిల్ అనే విద్యార్థి డ్రెస్ మార్చుకుని చివరిదాకా సిద్ధంగా నిలబడ్డాడు. ఆ జ్ఞాపకంగానే ఇదంతా. రూల్స్ తెలియని ఆటకి మూడు గంటలకు పైగా నిలబడి, కాళ్లు పీక్కుపోయి రూముకి వచ్చాను.

నవంబరులో ఒక మంగళవారం రాత్రి పది దాటాక ల్యాబ్ నుంచి అకడమిక్ ప్లాజా మీదుగా వస్తున్నాను. ఎక్కడా లైట్లు లేవు. కరెంటు పోయిందనుకుని ఫోన్ టార్చ్ వేశాను. పక్కనున్న అమ్మాయి నా చెయ్యి మీద మెల్లగా తట్టి, వద్దన్నట్టు తల ఊపింది. టార్చ్ ఆపేశాను. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక చూస్తే చుట్టూ పెద్ద గుంపు. ఒక్కరూ మాట్లాడటం లేదు. దూరం నుంచి బూట్ల చప్పుడు దగ్గరకొచ్చి ఆగింది. మూడుసార్లు తుపాకులు పేలాయి. తర్వాత పైనెక్కడి నుంచో బ్యూగిల్ మూడుసార్లు వినిపించింది. అయిపోయాక అందరూ అలాగే, ఒక్క మాట లేకుండా వెళ్లిపోయారు.

మర్నాడు ల్యాబ్‌లో అడిగితే చెప్పారు, దాన్ని సిల్వర్ ట్యాప్స్ అంటారట. ముందు నెలలో విద్యార్థులెవరైనా చనిపోతే నెల మొదటి మంగళవారం చేస్తారు. బ్యూగిల్ ఉత్తరం, దక్షిణం, పడమరలకే ఊదుతారు. తూర్పుకి ఊదరు, పోయినవాళ్లకి ఇక పొద్దు పొడవదని. డిగ్రీ పిల్లలకే కాదు, మాలాంటి గ్రాడ్యుయేట్ విద్యార్థులకీ చేస్తారు. అది విన్నాక చాలాసేపు పని చెయ్యలేకపోయాను. ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చాను, రేపు నాకేదైనా అయితే నా మొహం కూడా తెలియనివాళ్లు ఇంతమంది చీకట్లో నిలబడతారన్నమాట. ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, ఏం చెప్పాలో తెలియక కూర ఏం చేశావని అడిగాను.

అయితే ఆ రాత్రి నాకు స్నేహితుల్ని తెచ్చిపెట్టలేదు. వారాంతాలన్నీ ఫ్లాట్‌లోని నలుగురం తెలుగు కుర్రాళ్లమే. డిగ్రీలో చేరేవాళ్లు క్లాసులు మొదలవకముందే ఫిష్ క్యాంప్ అనే పరిచయ శిబిరానికి వెళ్లి ఒకరికొకరు దగ్గరవుతారు. ఎమ్మెస్‌వాళ్లం నేరుగా క్లాసుకే వస్తాం. కారు లేకపోతే ఆదివారం గడవడం కష్టం.

బీటెక్‌లో నా రూమ్మేట్ యూటీ డాలస్‌లో చదివాడు. అక్కడ ఫుట్‌బాల్ జట్టే లేదు. కానీ వాడికి శనివారం క్రికెట్, ఫ్రిస్కో హనుమాన్ గుడి, పిలిస్తే పలికే తెలుగువాళ్లు బోలెడంతమంది. నాకన్నా వాడికే స్నేహితులు ఎక్కువ. చదువు అయ్యాక మాత్రం క్యాంపస్ మాట వాడు ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 21న హ్యూస్టన్‌లో మస్టర్‌కి, అంటే పోయిన ఏ అండ్ ఎంవాళ్లని తలుచుకునే సభకి, వెళ్తాను. ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చదువుతుంటే, వాళ్ల తరఫున ఎవరో ఒకరు "హియర్" అని పలుకుతారు.

నాకు టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని దొరికింది, అప్పు టెన్షన్ లేదు, ఇవన్నీ చూసే తీరిక ఉండేది. మా తమ్ముడికి లోన్ ఉంది, ఒంటరిగా ఉండలేడు, మా మేనత్త ఉండేది డాలస్‌లోనే. వాడికైతే, మనసొప్పకపోయినా, డాలస్ అనే చెప్తాను. అదే ఇంటర్ అయ్యి నాలుగేళ్ల డిగ్రీకి వెళ్లే పిల్లలైతే ఏ అండ్ ఎం అంటాను. ఎవరు చేరినా, సిల్వర్ ట్యాప్స్ ఉన్న రాత్రి ప్లాజాకి వెళ్లండి. ఫోన్ మాత్రం జేబులోంచి తియ్యకండి.