ఇంటి మిక్సీలో పండ్ల స్మూతీ: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా ఇంట్లో స్మూతీ చేసేది 750 వాట్ల మామూలు మిక్సీలోనే. చట్నీకీ మసాలాకూ వాడే ఆ మిక్సీతోపాటు వచ్చిన ఒకటిన్నర లీటరు పొడవాటి జార్‌ను కొన్నేళ్లుగా పండ్లకే కేటాయించి వాడుతున్నాము. అనంతపురంలో మార్చి సగం కాకముందే ఎండ ముదురుతుంది, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి, వేసవి పొడవునా ఈ జార్‌కు దాదాపు రోజూ పని ఉంటుంది. స్మూతీ కోసం వేలు పోసి ప్రత్యేకంగా బ్లెండర్ కొనాలా అని అడిగేవారికి, నాలుగైదుగురున్న కుటుంబానికి అక్కరలేదనే నేను చెబుతాను. అయితే మిక్సీ ఎంత బాగా పనిచేస్తుందన్నది, దానిలో మనం ఏమి వేస్తామన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

స్మూతీకి చిక్కదనం రావలసింది ఐసు వల్ల కాదు, గడ్డకట్టిన పండు వల్ల. ఐసుగడ్డలు వేస్తే చల్లదనం వస్తుంది గాని, అవి కరిగిన కొద్దీ నీరు చేరి పండు రుచి పలచబడుతుంది, ఆ లోటు పూడ్చడానికి చక్కెర వేయవలసి వస్తుంది. పైగా ఐసును కొట్టడానికి బ్లేడు పడే శ్రమ పండును మెదపడానికి పడే శ్రమ కన్నా చాలా ఎక్కువ. అందుకే మేము అరటిపండ్లను, బొప్పాయిని, మామిడిని ముక్కలు కోసి, స్టీలు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, ఫ్రీజర్‌లో గట్టిపడ్డాక డబ్బాలోకి తీసి పెట్టుకుంటాము. ముక్కలన్నీ ఒకేసారి డబ్బాలో వేసి పెడితే అవి ఒకే ముద్దగా బిగుసుకుపోతాయి, అప్పుడు వాటిని విడగొట్టడానికే కత్తి పట్టవలసి వస్తుంది. అరటిపండును తొక్క తీసిన తర్వాతే ఫ్రీజర్‌లో పెట్టాలి, ఎందుకంటే గడ్డకట్టిన పండు నుంచి తొక్క ఊడిరాదు.

ఈ పనికి అరటిపండును మించినది లేదని నా అభిప్రాయం. నార్పల, పుట్లూరు, యల్లనూరు వైపు నుంచి మా ఊరికి పచ్చ అరటి పుష్కలంగా వస్తుంది. తొక్క మీద గోధుమరంగు చుక్కలు తేలిన పండ్లను సాయంత్రం వేళ బండ్ల మీద కాస్త తక్కువ ధరకే ఇస్తారు, స్మూతీకి కావలసినవి సరిగ్గా అవే. పండిన కొద్దీ అరటిలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది కాబట్టి విడిగా తీపి చేర్చే పని లేదు. గడ్డకట్టిన అరటిముక్కలు జార్‌లో తిరిగినప్పుడు మొదట పొడిపొడిగా రాలి, తర్వాత ఒక్కసారిగా వెన్నలా సాగి బ్లేడు చుట్టూ సుళ్లు తిరుగుతాయి. ఆ దశకు రాగానే మిక్సీ ఆపేయాలి. అక్కడి నుంచి ఎంతసేపు తిప్పినా బ్లేడు రాపిడికి పుట్టే వేడి స్మూతీని కరిగించడమే తప్ప మెత్తదనమేమీ పెంచదు.

జార్‌లో వేసే వరుస కూడా ముఖ్యమే. అడుగున పెరుగో, పాలో, కొబ్బరినీళ్లో పోసి, దాని మీద మెత్తటి పండు వేసి, గడ్డకట్టిన ముక్కలను అన్నింటికన్నా పైన వేస్తే బ్లేడు మొదట తేలికగా తిరిగి, ఆ సుడిలోకి గట్టి ముక్కలను లాక్కుంటుంది. గట్టి ముక్కలు అడుగున పడితే బ్లేడు చుట్టూ ఖాళీ ఏర్పడి, మోటారు శబ్దం మారుతుంది కాని జార్‌లో ఏదీ కదలదు. ఫ్రీజర్ నుంచి తీసిన ముక్కలను ఐదు నిమిషాలు బయట ఉంచడం, జార్‌ను మూడింట రెండు వంతులకు మించి నింపకపోవడం, నాబ్‌ను ఎడమవైపు తిప్పి రెండు మూడుసార్లు ఆపి ఆపి కొట్టిన తర్వాతే వేగం పెంచడం మా ఇంట్లో తప్పనిసరి అయిపోయాయి. మిక్సీల మీద సాధారణంగా కనిపించే 30 నిమిషాల రేటింగ్‌కు అరగంట ఆపకుండా నడపవచ్చునని అర్థం కాదు, మధ్యమధ్య విరామమిస్తూ నడపాలని దాని ఉద్దేశం. భారం ఎక్కువైనప్పుడు మోటారు దానంతటదే ఆగిపోతే, అడుగునున్న ఎర్ర బటన్‌ను వెంటనే నొక్కకుండా కాసేపు చల్లారనివ్వాలి. వేసవి సాయంత్రాల్లో వీధంతా కూలర్లు వేసుకున్నప్పుడు వోల్టేజ్ పడిపోయి మోటారు మూలుగుతుంది. ఆ సమయంలో గడ్డకట్టిన పండు వేయకపోవడమే మేలు, మేము ఆ పని ఉదయానికే పెట్టుకుంటాము.

పాలతో ఏ పండు కలపవచ్చునన్న విషయంలో చాలామంది ఇబ్బంది పడతారు కాబట్టి దీనిని కాస్త వివరంగా చెప్పాలి. పచ్చి అనాసను పాలతో గాని పెరుగుతో గాని కలిపి కొడితే, తాగే మొదటి గుక్క బాగానే ఉంటుంది, కాసేపు ఉంచితే మాత్రం చేదెక్కుతుంది. పాలు పాడైపోయాయని, పండు మంచిది కాదని అనుకుంటారు గాని, రెండూ కాదు. అనాసలో ఉండే బ్రొమెలైన్ అనే ఎంజైము పాలలోని మాంసకృత్తులను చిన్న చిన్న తునకలుగా తెంచుతుంది, వాటిలో కొన్నింటి రుచే ఆ చేదు. అనాస ముక్కలను గిన్నెలో వేసి నాలుగైదు నిమిషాలు బాగా ఉడకనిచ్చి, చల్లార్చి, ఆ తర్వాత ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఈ బెడద ఉండదు, ఎందుకంటే వేడికి ఎంజైము పనితనం పోతుంది. ఉడికించడం ఇష్టం లేనివారు పాలకు బదులు కొబ్బరిపాలు వాడవచ్చు. మా ఇంట్లో అనాస, అరటి, కొబ్బరిపాలు కలిపి చేసేదే అందరికీ ఎక్కువ ఇష్టం, దానిని కాసేపు ఉంచినా చేదు కనిపించలేదు. బొప్పాయిలోని పపైన్‌ది కూడా ఇదే గుణం. అది పచ్చికాయలో చాలా ఎక్కువ, పండులో తక్కువ కాబట్టి, బాగా మాగిన బొప్పాయిని పాలతో కొట్టి వెంటనే తాగితే ఇబ్బంది లేదు గాని, ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తాగుదామనుకుంటే రుచి నిలవదు.

చీనీ, అంటే బత్తాయి, సంగతి వేరు. మా జిల్లాలో చీనీ తోటలకు కొదవ లేదు, మార్కెట్ యార్డుకు టన్నులకొద్దీ కాయ వస్తుంది, కాబట్టి స్మూతీలో చీనీ వేయాలని మాకు సహజంగానే అనిపిస్తుంది. కాని తొనలను అలాగే జార్‌లో వేసి తిప్పితే గింజలు నలిగి, తెల్లటి పొర కలిసిపోయి, అప్పటికి తియ్యగా ఉన్న రసం గంట గడిచేసరికి చేదవుతుంది. గింజల్లోనూ పొరల్లోనూ ఉండే ఒక పదార్థం రసంలోని పులుపు వల్ల మెల్లమెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారడమే దీనికి కారణం. అందుకని చీనీని పిండి, వడకట్టి, ఆ రసాన్నే పాలకు బదులుగా అడుగున పోసుకోవాలి. మామిడి, బొప్పాయి రెండింటికీ ఆ రసం చక్కగా నప్పుతుంది, అరటి నల్లబడడాన్ని కూడా దానిలోని పులుపు ఆలస్యం చేస్తుంది.

మామిడి విషయంలో బేనీషాకు సాటి లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బనగానపల్లె పండు గుజ్జులో పీచు ఉండదు కాబట్టి, మిక్సీ అర నిమిషం తిరిగితే చాలు. నార ఉన్న రసాల పండ్లను జార్‌లో వేస్తే ఆ నార బ్లేడు కాడకు చుట్టుకుంటుంది, వాటిని చేత్తో పిండుకొని తినడమే మంచిది. నూరు గ్రాముల మామిడి గుజ్జులో సుమారు 14 గ్రాముల చక్కెర సహజంగానే ఉంటుంది, కాబట్టి మధుమేహం ఉన్న పెద్దలకు మేము చిన్న గ్లాసుకు మించి ఇవ్వము. సపోటా పాలతో బాగుంటుంది, సీతాఫలానికి గింజలు తీసే ఓపిక కావాలి, జామను మాత్రం వడకట్టక తప్పదు.

ఇక జార్ అరుగుదల గురించి. ఇంతకాలం వాడినా బ్లేడు పదును చెప్పుకోదగినంతగా తగ్గలేదు గాని, మూత లోపలి రబ్బరు వాషర్ మాత్రం మామిడి వాసన పట్టి, ఊరి, వదులైంది. దానిని మార్చాక మూత మళ్లీ గట్టిగా బిగుస్తోంది. జార్ అడుగున బ్లేడు తిరిగే చోట ఉండే బుష్ అరిగినప్పుడు నల్లటి నీరు బొట్టుబొట్టుగా, జార్‌ను మోటారుతో కలిపే కప్లర్ మీదకు దిగింది. రిపేరు చేసే ఆయన జార్‌ను తలకిందులుగా పట్టి, కాడను వేలితో అటూ ఇటూ కదిపి, “చూడండి మేడమ్, ఎంత ఊగుతాందో. ఐసు కొట్టే ఇండ్లల్లో ఇది ఇంకా తొందరగా పోతాది” అన్నాడు. బుష్, కప్లర్ రెండూ తక్కువ ఖర్చుతో మారిపోయాయి. నల్లనీరు కనిపించాక కూడా వాడుతూ పోతే ఆ తడి మోటారులోకి దిగుతుంది, అప్పుడు ఖర్చు పదింతలవుతుంది. కడగడం విషయానికి వస్తే, వాడిన వెంటనే సగం జార్ నీళ్లు, ఒక చుక్క సబ్బు వేసి తిప్పితే సరిపోతుంది, వారానికొకసారి బ్లేడు కింది సందును పాత బ్రష్షుతో తోమాలి. వెల్లుల్లి, కారం వేసే జార్‌లో స్మూతీ చేయవద్దని గట్టిగా చెబుతాను, ఎంత కడిగినా ఆ వాసన వాషర్‌ను వదలదు.

ఛార్జింగ్‌తో నడిచే చిన్న సీసా బ్లెండరును కూడా మా ఇంట్లో వాడి చూశాము. మెత్తటి అరటి, పాలు అయితే చేస్తుంది, గడ్డకట్టిన ముక్క తగిలితే ఆగిపోతుంది, నలుగురికి చేయాలంటే నాలుగుసార్లు తిప్పాలి. హాస్టల్లో ఒంటరిగా ఉండే విద్యార్థికి పనికివస్తుందేమో గాని ఇంటికి సరిపోదు. మిక్సీలో నాకు నచ్చని విషయం శబ్దం ఒక్కటే. తెల్లవారుజామున వేస్తే పక్కింటివారికి నిద్ర చెడుతుంది. కింద మందపాటి గుడ్డ పరిస్తే అదురు తగ్గుతుంది గాని మోత తగ్గదు, అలా పరిచేటప్పుడు అడుగున గాలి ఆడే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోవాలి.

కొత్తగా కొనేవారు వాట్ల సంఖ్య కన్నా ముందు, పొడవాటి జార్‌కు వాషర్, బుష్, కప్లర్ తమ ఊళ్లో విడిగా దొరుకుతాయో లేదో దుకాణంలో అడిగి తెలుసుకోవాలి. జార్ లోపల అంచుల్లో నిలువుగా గట్లు ఉన్నదే ఎంచుకోవాలి, ఆ గట్లు తగిలి పండు మళ్లీ బ్లేడు మీదకు పడుతుంది. ప్లాస్టిక్ జార్‌లో లోపలిది కనిపిస్తుందన్న సౌకర్యం ఉన్నా, కొంతకాలానికి గీతలు పడి మసకబారుతుంది కాబట్టి, రెండింటిలో ఒకటే తీసుకోవాలంటే నేను స్టీలు జార్‌నే తీసుకుంటాను.