రీస్టార్ట్‌కు అడ్మిన్ పాస్‌వర్డ్ అవసరమా? ఏడాది వాడాక పోల్‌కిట్‌పై సమీక్ష

నేను చూసుకునే చిన్న కంప్యూటర్ ల్యాబ్‌లో లైనక్స్ డెస్క్‌టాప్‌లు 12 ఉన్నాయి. వాటిని మొదట అమర్చి ఇచ్చినవారు విద్యార్థులందరినీ సుడో గ్రూపులో, అంటే అడ్మిన్ పనులన్నీ చేయగలిగేవారి జాబితాలో, చేర్చి వెళ్లారు. ఎందుకని అడిగితే, రీస్టార్ట్ చేసుకోవాలి కదా అన్నారు. వీధి తలుపు తీయడానికి బీరువా తాళాలు కూడా చేతిలో పెట్టినట్టుంది ఆ ఏర్పాటు. అందరినీ ఆ గ్రూపులోంచి తీసేసి, రీస్టార్ట్ అనుమతిని పోల్‌కిట్‌కు (ఏ పని ఎవరు చేయవచ్చో లైనక్స్‌లో తేల్చే ప్రోగ్రామ్) అప్పగించి ఏడాది దాటింది.

పోల్‌కిట్‌లో నాకు బాగా నచ్చింది, అది మనిషి పేరుతో పాటు అతను ఎక్కడ కూర్చున్నాడో కూడా చూడడం. లైనక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డిలో భాగమై, లాగిన్‌లను చూసుకునే లాగిన్‌డి, ఏ సెషన్ తెర ముందు నడుస్తోందో, ఏది దూరం నుంచి వచ్చిందో గుర్తు పెట్టుకుంటుంది. మామూలు అమరికలో, మెషీన్ ముందు కూర్చుని మెనూలో రీస్టార్ట్ నొక్కిన విద్యార్థిని పాస్‌వర్డ్ అడగదు, అదే విద్యార్థి ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా వచ్చి అదే పని చేయబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలంటుంది. ఎదురుగా ఉన్నవాడు ఎటూ పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయగలడు కనుక, మెనూలో అడ్డుకుంటే సేవ్ కాని ఫైళ్లు పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. సుడో అనుమతులు రాసే సుడోయర్స్ ఫైలులో రీబూట్ ఒక్కదానికి పాస్‌వర్డ్ మినహాయించడం తేలికే గానీ, ఆ పద్ధతికి ఎదుట ఉన్నవాడికీ దూరాన ఉన్నవాడికీ తేడా తెలియదు.

సొంత నియమం రాయాల్సి వచ్చినప్పుడే పోల్‌కిట్ విసిగిస్తుంది. 2012లో వచ్చిన 0.106 వెర్షన్ నుంచి నియమాలను జావాస్క్రిప్ట్‌లో రాయాలి. లైనక్స్ రకాలైన డెబియన్ 11, ఉబుంటు 22.04 మాత్రం పాత 0.105నే అంటిపెట్టుకున్నందున, అక్కడ పీకేఎల్ఏ అనే వేరే తరహా ఫైలు కావాలి. నెట్‌లో దొరికే సలహాల్లో సగం ఈ తేడా చెప్పవు. పైగా అనుమతి పేరులో ఒక్క అక్షరం తప్పినా ఏ హెచ్చరికా రాదు, ఆ నియమం ఎవరికీ వర్తించకుండా ఊరికే పడి ఉంటుంది. నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నది అలాంటి తప్పుకే. పీకేయాక్షన్ కమాండ్‌తో అసలు పేర్లు ముందే చూసుకుని ఉంటే ఆ తిప్పలు తప్పేవి.

భద్రత విషయంలో దీని చరిత్ర మచ్చలేనిదేమీ కాదు: దీనితో వచ్చే, వేరే యూజర్ హక్కులతో ప్రోగ్రామ్ నడిపే పీకేఎగ్జెక్ కమాండ్‌లో 2009 నుంచి దాగి ఉన్న లోపంతో మామూలు యూజర్ కూడా రూట్ (మెషీన్‌పై పూర్తి అధికారం ఉన్న యూజర్) కాగలడని 2022 జనవరిలో బయటపడింది. అప్‌డేట్లు పెట్టని మెషీన్లకు దీన్ని సిఫారసు చేయను.

ఒకే మెషీన్‌లో ఇద్దరు లాగిన్ అయి ఉన్నప్పటి రీస్టార్ట్‌కు ఇందులో వేరే అనుమతి ఉంది. యూజర్ మార్చుకుని బయటికి వెళ్లినవాడి పని సగంలో పోకుండా, ఆ ఒక్కదాన్ని మాత్రం అడ్మిన్ పాస్‌వర్డ్‌కే కట్టేశాను.