భవనాశిని వెంట: ఎగువ అహోబిలంలో వాగు ఆరోగ్యం చూసిన ప్రయాణం

అహోబిలానికి ఎక్కువమంది నవనారసింహుల దర్శనానికి వెళ్తారు. ఈసారి మేము ముగ్గురం స్నేహితులం అక్కడి భవనాశిని వాగు కోసమే వెళ్లాం. ఇద్దరం జువాలజీ చదివినవాళ్లం. ఖరీదైన పరికరాలు లేకుండా, ఒక థర్మామీటరు, తెల్లటి ప్లాస్టిక్ ట్రే, భూతద్దంతో ఒక అడవి వాగు బాగుందో లేదో ఎంతవరకు చెప్పగలమో చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాం.

నంద్యాల దాకా రైలు, అక్కడి నుంచి ఆళ్లగడ్డకు బస్సు, తర్వాత దిగువ అహోబిలం. 2022లో ఇది నంద్యాల జిల్లాలోకి వెళ్లింది గానీ, మా ఇళ్లల్లో ఇప్పటికీ కర్నూలు జిల్లా అహోబిలమే. ఎగువ అహోబిలం ఇంకో 8 కిలోమీటర్లు. బస్సులున్నా, జనం రాకముందే పైకి చేరాలంటే ముందురోజు రాత్రే ఆటో మాట్లాడి పెట్టుకోండి. ఎండెక్కాక ఆ దారి వేరు.

గుడి దగ్గర్నుంచి వరాహ నరసింహస్వామి మీదుగా జ్వాలా నరసింహ వైపు వెళ్లే బాట చాలా దూరం వాగు పక్కనే సాగుతుంది. మేము నేరుగా వీలైనంత పైకి వెళ్లిపోయి, అక్కడి నుంచి దిగుతూ చూసుకుంటూ వచ్చాం. మనుషుల చేయి తక్కువగా పడిన చోటు ఎలా ఉందో ముందు చూస్తేనే కింద ఏం మారిందో తెలుస్తుంది.

పైన కొండ గోడల మధ్య చెట్ల నీడ దట్టంగా ఉంది. నీళ్లు రాళ్ల మీద నుంచి గలగలా దూకేచోట గాలి బాగా కలుస్తుంది కాబట్టి ఆక్సిజన్ ఎక్కువ. అక్కడ అరచేయంత రాయి మెల్లగా ఎత్తి అడుగు చూశాం. చదునైన శరీరం, పొట్ట పక్కల ఆడుతున్న మొప్పలు, వెనక మూడు సన్నని తోకలు: మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు, పెద్దయ్యేదాకా నీళ్లలోనే ఉంటాయి. పక్కన క్యాడిస్‌ఫ్లై పురుగులు, ఇసుక రేణువులను తమ పట్టుదారంతో అతికించి కట్టుకున్న చిన్న గొట్టాల్లో. ఈ రెండు వర్గాల్లో చాలా రకాలు మురికిని, ఆక్సిజన్ కొరతను తట్టుకోలేవు. మాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. రాళ్ల సందుల్లో మట్టి పూడలేదు, రాలిన ఆకులు గుత్తులుగా చిక్కుకుని ఉన్నాయి. ఆ ఆకులే ఇక్కడి పురుగులకు తిండి. ఒడ్డున చెట్లు కొట్టేస్తే నీడే కాదు, వాగుకు అన్నం కూడా పోతుంది.

నీటి పరీక్ష ఆ క్షణాన్ని మాత్రమే చెబుతుంది. వారాలు, నెలలు అక్కడే బతికే పురుగులు జరిగిపోయింది కూడా చెబుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదులకు వాడే జీవ ప్రమాణాలకు ఆధారం ఇదే: ఏ కుటుంబాల పురుగులున్నాయి, ఎన్ని రకాలున్నాయి అన్నదాన్ని బట్టి మార్కులు.

కింద, జనం స్నానాలు చేసేచోట కథ మారింది. నీళ్లు చూపుకు తేటగానే ఉన్నాయి. రాయి ముట్టుకుంటే జారుడు, ఆకుపచ్చ పాచి. చెట్ల కొమ్మలు లేక ఎండ నేరుగా పడుతోంది, థర్మామీటరులో తేడా స్పష్టంగా కనిపించింది. మేఫ్లైలు దాదాపు లేవు. బురదలో ఎర్రటి కైరోనమిడ్ పురుగులు, అంటే దోమలాంటి ఒక రకం ఈగల పిల్లలు. వాటి ఒంట్లో మన రక్తంలోలా హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ తక్కువైనా బతికేస్తాయి. ఒడ్డున షాంపూ ప్యాకెట్లు, నీళ్లలో వదిలేసిన తడి బట్టలు, ప్లాస్టిక్ విస్తళ్లు. భక్తితో మునిగే నీళ్లలోనే సబ్బు కలపడం చూస్తే బాధేసింది. స్నానపు నీటికి మండలి పెట్టిన హద్దు లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల కరిగిన ఆక్సిజన్. ఏటి ఒడ్డున ఒక బోర్డు పెట్టి, అప్పుడప్పుడు కొలిచి రాస్తే ఎంత బాగుంటుంది!

మాతో వచ్చిన స్థానిక గైడు ఒక మాట అన్నాడు: "స్వాతి నక్షత్రం రోజు సూడండి సార్, ఆ మరుసటి రోజు కూడా సూడండి. అప్పుడు తెలుస్తది." నిజమే, స్వాతి నరసింహస్వామి జన్మ నక్షత్రం, ఆ రోజు జనం ఎక్కువ. ఫాల్గుణ బ్రహ్మోత్సవాలప్పుడు ఇంకా కష్టం: నీరు తగ్గిన కాలం, జనం ఎక్కువైన కాలం ఒకటే అవుతాయి. గైడును తప్పకుండా తీసుకోండి. బాట పాడైన చోట్ల చేయి పట్టుకుని దాటించాడు, ఏ రాయి ఊగుతుందో అతనికి తెలుసు. పెద్దవాళ్లకు డోలీలు దొరుకుతాయి, ధర ముందే మాట్లాడుకోవాలి. పురుగులను చూశాక నీళ్లలోనే వదలండి, రాయిని ఉన్న తీరునే పెట్టండి.

బసకు దిగువ అహోబిలమే మంచిది. టూరిజం వాళ్ల హరిత హోటల్, మఠం గదులు అక్కడున్నాయి. మేము దిగిన ప్రైవేటు లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు సమయానికి వచ్చాయి. వాడిన నీళ్లు మాత్రం వెనక ఉన్న కాలువలోకి నేరుగా వదులుతున్నారు. మేనేజరుతో చెబితే విన్నాడు, జవాబు చెప్పలేదు. మీరు గది తీసుకునే ముందు ఈ ప్రశ్న అడగండి, నలుగురు అడిగితే ఇంకుడు గుంత తవ్వుతారు.

తిరుగు ప్రయాణంలో మహానంది కోనేరు చూశాం. నాణెం వేస్తే అడుగున కనిపించేంత తేట ఊటనీరు, కానీ రాతి మెట్ల మధ్య ఉన్న కోనేరు. దాన్ని భవనాశినితో పోల్చలేం. వాగును చూడాలనుకునేవాళ్లు వానలు తగ్గాక, నవంబరు, డిసెంబరుల్లో, స్వాతి కాని రోజున అహోబిలమే వెళ్లండి. ఏడు గంటలకల్లా పైన ఉండేలా చూసుకోండి.