రైన్ నదికి అవతలి గట్టున మా బ్యాండు

మా బ్యాండు జర్మనీ పర్యటనకు వీసా దరఖాస్తు కోసం ఏజెంటు ఇచ్చిన పత్రంలో ఉన్నది రైన్ నది ఒడ్డున బోపార్డ్ పట్టణంలోని హోటల్. వీసాలు వచ్చి, డబ్బంతా కట్టేశాక, ప్రయాణం దగ్గర పడుతుండగా ఈమెయిల్ వచ్చింది: "అదే స్థాయి మరో హోటల్. బోపార్డ్‌కు అయిదు నిమిషాలు. గదుల్లోంచి రైన్ నది కనిపిస్తుంది." నది కనిపించిన మాట నిజమే. బోపార్డ్ కూడా కనిపించింది, నదికి ఆ ఒడ్డున. కోబ్లెంజ్ నగరం దాటితే మైంజ్ నగరం చేరేదాకా రైన్ మీద ఒక్క వంతెన కూడా లేదు. పడవ మీద దాటాలి. పడవ లేని వేళల్లో కోబ్లెంజ్ దాకా పోయి చుట్టి రావాలి, ఒకవైపే 40 కిలోమీటర్లకు పైన. ఆ ప్రాంతానికి పర్యటనలు అమ్ముకుని బతికే మనిషికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను. తెలిసే రాశాడు.

మాది ఇంగ్లండ్‌లో హడర్స్‌ఫీల్డ్ దగ్గర ఒక ఊరి బ్రాస్ బ్యాండు. ఎవరికీ ఇది వృత్తి కాదు. నర్సులు, ప్లంబర్లు, రిటైరైన బస్సు డ్రైవరు, బడిపిల్లలు ఉంటారు. నేను టెనార్ హార్న్ వాయిస్తాను, మా అమ్మాయి కార్నెట్. మన పెళ్లిళ్ల బ్యాండు మేళంలో ఉండే క్లారినెట్ ఇందులో ఉండదు. డ్రమ్ములు తప్ప అన్నీ ఇత్తడివే. ఈ చుట్టుపక్కల ఉన్ని మిల్లులు, బొగ్గు గనులు నడిచిన కాలంలో పుట్టిన బ్యాండ్లు ఇవి. మిల్లులు మూతపడ్డా ఇవి మిగిలాయి. 2025 మే నెలాఖరు బడి సెలవుల్లో జర్మనీ వెళ్లాలని చలికాలమంతా కేకులు అమ్మి, క్రిస్మస్ ముందు సూపర్‌మార్కెట్ గుమ్మాల్లో చేతులు కొంకర్లు పోతున్నా వాయించి డబ్బు కూడబెట్టాం. అందుకే నాకు ఇంత కోపం.

పెద్దలకు మనిషికి 615 పౌండ్లు, పదహారేళ్ల లోపు వాళ్లకు 495. బస్సు, ఇంగ్లండ్‌లోని హల్ రేవు నుంచి నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌కు రానుపోను రాత్రి ఓడలో క్యాబిన్, హోటల్లో ఉదయం ఫలహారం, రాత్రి భోజనం అందులోనే. మా ఆయనవీ నావీ భారతీయ పాస్‌పోర్టులు కాబట్టి షెంగెన్ (చాలా యూరప్ దేశాల ఉమ్మడి) వీసాకు మనిషికి 90 యూరోలు, ఆ పైన వీసా కేంద్రం రుసుము. ఓడ ప్రయాణం హాయిగా గడిచింది. బస్సు డ్రైవరు బంగారం.

ఇక హోటల్. మా గదులు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. మా వాయిద్యాల్లో అన్నిటికన్నా పెద్దదైన బి-ఫ్లాట్ బేస్ పెట్టెతో కలిపి 15 కిలోలు దాటుతుంది, మోసేది డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. వాయిద్యాలను కింది హాల్లో పెట్టుకోనివ్వమంటే రోజుకు ఒక్కోదానికి 5 యూరోలు కట్టమన్నారు. పర్యటన పత్రంలో "వాయిద్యాలకు తాళం వేసిన గది, ఉచితం" అని స్పష్టంగా ఉంది. చూపిస్తే మేనేజరు చదవనైనా చదవకుండా "మీ ఏజెంటునే అడగండి" అని కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు. ఏజెంటు ఫోను ఎత్తలేదు. కుర్రవాళ్లు నాలుగు బేస్‌లనూ మెట్ల మీదుగా పైకి చేర్చారు.

రాత్రి అయ్యాక అసలు సంగతి తెలిసింది. రైన్ కుడిగట్టు రైలు మార్గం గూడ్సు బండ్లది. రాటర్‌డామ్ రేవు నుంచి ఆల్ప్స్ దాటి ఇటలీ వరకు సరుకు పోయే దారి. మా కిటికీకీ నదికీ మధ్య ఉన్నవి ఒక రోడ్డు, ఆ పట్టాలు. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే ఇనుప చక్రాల మోత. బండి వచ్చిన ప్రతిసారీ స్నానాల గదిలో పళ్లు తోముకునే గాజు గ్లాసు అరమీద సన్నగా మోగేది. మా అమ్మాయి లేచి దాన్ని తువ్వాలులో చుట్టి తన బూటులో పెట్టి వచ్చింది. తెల్లవారుజామున మా ఆయన మంచం మీద కూర్చుని, "ఇంటికి పోదాం పద" అన్నారు. ఈ లోయలో ఉండేవాళ్లే రైళ్ల మోత మీద ఏళ్ల తరబడి ఆందోళన చేస్తున్నారు. అలాంటి చోట నిద్ర కావలసిన వాయిద్యకారులను దింపడం ఏమి న్యాయం?

భోజనం గురించి కూడా చెప్పాలి. శాకాహారులమని ముందే రాశాం. మొదటి రాత్రి ఉడికించిన బంగాళాదుంపలు, చల్లారిన క్యారెట్లు పెట్టారు. రెండో రాత్రి వాటి మీదే తెల్ల సాస్ పోశారు. జూన్ 24 దాకా జర్మనీలో తెల్ల ఆస్పరాగస్ కాలం. దారి పొడవునా బల్లలు వేసి అమ్ముతున్నారు. అది ఒక్క కాడ కూడా మా పళ్లెంలోకి రాలేదు. కుళాయి నీళ్లు ఇచ్చేది లేదన్నారు. ముప్పావు లీటరు నీళ్ల సీసా 6.90 యూరోలు.

ఏజెంటు కుదిర్చిన కచేరీ బోపార్డ్ నదీతీరంలో, ఉదయం 11 గంటలకు. పోస్టరు లేదు, కుర్చీలు లేవు, మైకు లేదు. గాలికి స్వరపత్రాలు ఎగిరిపోకుండా ఒక్కో స్టాండుకు నాలుగేసి బట్టల క్లిప్పులు పెట్టి వాయించాం. విన్నది మా ఇళ్లవాళ్లు, పడవ కోసం ఆగినవాళ్లు. పడవ రాగానే రెండోవాళ్లు వెళ్లిపోయారు. ఒక ముసలి దంపతులు మాత్రం చివరిదాకా నిలబడి ప్రతి పాటకూ చప్పట్లు కొట్టారు. వాళ్లకు ఈ రోజుకీ కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

చూసిన చోట్లలో బోపార్డ్ కుర్చీ రోప్‌వే తప్పక ఎక్కండి. పైనుంచి చూస్తే నది వంపులు నాలుగు వేరువేరు చెరువుల్లా కనిపిస్తాయి. మార్క్స్‌బుర్గ్ కోట కూడా వదలకండి. మధ్య రైన్ కొండకోటల్లో ఎన్నడూ ధ్వంసం కానిది అదొక్కటే. లోపలికి గైడుతోనే పంపుతారు. కోబ్లెంజ్‌లో మోసెల్ నది వచ్చి రైన్‌లో కలిసే మూల బాగుంటుంది, ఒక పూట చాలు. రూడెస్‌హైమ్‌లోని పేరుమోసిన ఇరుకు సందు నాకు నచ్చలేదు. జనం, జ్ఞాపికల దుకాణాలు, 4.90 యూరోల కాఫీ, అంతే.

గురువారం ఏజెంటు "ఖాళీ రోజు" అని రాశాడు. అది క్రీస్తు ఆరోహణ పండుగ, ప్రభుత్వ సెలవు, దుకాణాలన్నీ మూత. మా కార్యదర్శి ముందుగానే అంతర్జాలంలో వెతికి, రైన్, మోసెల్‌ల మధ్య ఉన్న హున్స్‌రుక్ మెరక మీద ఒక పల్లెటూరి సంగీత సంఘానికి తనే ఉత్తరం రాసింది. మర్నాటికల్లా జవాబు వచ్చిందట: "ఆ రోజు మా ఊళ్లో ఉత్సవం. రండి."

వెళ్లేసరికి ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళం షెడ్డులో బల్లలు వేసి, మా బ్యాండు ఫొటోతో పోస్టర్లు అతికించి ఉన్నారు. బయట పెనాల మీద బంగాళాదుంప తురుముతో అట్లు వేస్తున్నారు. వాటిలో గుడ్డు కలుపుతారు. మేము గుడ్డు తినమని కార్యదర్శి ఒక్క వాక్యం రాసినందుకు, మాకోసం వేరే గిన్నెలో పిండి, వేరే పెనం! ఆ పెనం దగ్గర నిలబడ్డ పెద్దావిడ ఇంకెవరినీ అందులో గరిట పెట్టనివ్వలేదు. ఊరివాళ్లకు మూడు అట్లు 4.50 యూరోలు, వాయించేవాళ్లకు ఉచితం. అంచులు కరకరలాడుతున్నాయి. మా ఆయన ఆపిల్ సాస్ పక్కకు నెట్టి ఉప్పు అడిగి తీసుకుని, మళ్లీ మళ్లీ వరుసలో నిలబడ్డారు. బయలుదేరిన దగ్గరనుంచి ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

జర్మనీలో అదే రోజు తండ్రుల పండుగ కూడా. బీరు పెట్టెలు పెట్టిన చేతిబండ్లు లాక్కుంటూ కొండదారుల్లో నడిచివచ్చిన మగవాళ్లతో షెడ్డు నిండిపోయింది. మేము వాయిస్తుంటే మాటలు ఆపి విన్నారు. తరువాత రెండు బ్యాండ్లూ కలిసి మార్చ్‌లు (కవాతు బాణీలు) వాయించాం. వాళ్ల ట్రంపెట్లకు స్వరం మార్చడానికి మా వాటిలా నొక్కే పిస్టన్లు ఉండవు, మీటలతో తిరిగే వాల్వులు ఉంటాయి. మా అమ్మాయి ఈడుదే ఒక పిల్ల తన ట్రంపెట్‌ను మా అమ్మాయి చేతిలో పెట్టి, మీటల మీద వేళ్లు ఎలా వాల్చాలో తన వేళ్లతో సర్ది చూపించింది. అంతవరకు ఫోనులోంచి తల ఎత్తని మా పిల్ల బస్సెక్కమంటే ఎక్కదు.

తిరిగొచ్చాక ఏజెంటు తలకు 25 పౌండ్ల కూపన్ ఇస్తానన్నాడు, అదీ మళ్లీ అతని దగ్గరే పర్యటన కొంటే. వద్దన్నాం. బ్రిటన్‌లో 2018 నాటి ప్యాకేజీ ప్రయాణాల నిబంధనల ప్రకారం ఒప్పుకున్నది ఇవ్వకపోతే ధర తగ్గించాలి. పాత పత్రం, ఈమెయిల్, కిటికీలోంచి తీసిన రైళ్ల వీడియో జతచేసి తలకు 140 పౌండ్లు అడిగాం. వదిలిపెట్టేది లేదు. మీ బృందం వెళ్లాలనుకుంటే ఏజెంటును నమ్ముకోకుండా మీరు వెళ్లే చోటి సంగీత సంఘానికి నేరుగా రాయండి. హోటల్ ఏ గట్టున ఉందో, రైలు పట్టాలు ఎంత దూరమో పటంలో చూశాకే డబ్బు కట్టండి. వాయిద్యాల క్రమసంఖ్యల జాబితా ఒకటి దగ్గర ఉంచుకోండి. హైవే మరుగుదొడ్లకు ఒక యూరో నాణేలు కావాలి.

హున్స్‌రుక్ వాళ్లు 2026 మే నెలలో మా ఊరు వస్తున్నారు. విట్ ఫ్రైడే, అంటే పెంతెకొస్తు తరువాతి శుక్రవారం, ఇక్కడి బ్రాస్ బ్యాండ్లకు పెద్ద పండుగ. ఆ సాయంత్రం దగ్గర్లోని సాడిల్‌వర్త్ పల్లెల్లో బ్యాండ్లన్నీ ఊరూరా తిరిగి మార్చ్‌లు వాయించి పోటీపడతాయి. ఈసారి అది మే 29న. అతిథులందరికీ మా ఇళ్లలోనే బస. ఇంకా ఆరు పడకలు తక్కువగా ఉన్నాయి. హడర్స్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలు ఒకరిద్దరిని ఉంచుకోగలిగితే చెప్పండి, ఉదయం ఇడ్లీ పెట్టినా ఇష్టంగానే తింటామని వాళ్లు రాశారు.