హెచ్చరిక: ‘ఆల్ సాలిడ్ రోజ్‌వుడ్’ అన్న మాట నమ్మి చిన్న బాడీ గిటార్‌కి డబ్బు కట్టకండి

బెంగళూరులో పార్లర్, 00, 000 లాంటి చిన్న బాడీ అకౌస్టిక్ గిటార్ కొనాలనుకుంటున్న తెలుగువాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. నగరంలో ఒక దుకాణం ‘ఆల్ సాలిడ్ రోజ్‌వుడ్’ అని చెప్పి అమ్మిన పార్లర్ గిటార్‌లో వెనక పలక, పక్కలు రెండూ మూడు పొరల ప్లైవుడ్ అని తేలింది. పికప్ (గిటార్ శబ్దాన్ని స్పీకర్‌కి పంపే భాగం) పనిచేయక దాని ప్రీఆంప్ పెట్టె విప్పినప్పుడు, పక్క చెక్కకు కోసిన కంత అంచున పొరలు బయటపడ్డాయి. పైన పల్చటి రోజ్‌వుడ్ తొక్క, మధ్యలో అడ్డంగా నడిచే తెల్ల చెక్క, లోపల మళ్లీ ఇంకో తొక్క. బిల్లు మీద ‘అకౌస్టిక్ గిటార్ – 1’ అని తప్ప ఇంకేమీ లేదు. అందుకే దుకాణంవాళ్లు ‘మేం సాలిడ్ టాప్ అనే చెప్పాం’ అని సులువుగా తప్పించుకున్నారు.

ఆ గిటార్‌కి టాప్ నిజంగానే సాలిడ్. ఇలాంటి అమ్మకాలన్నీ ఆ సగం నిజం మీదే నడుస్తాయి. ‘సాలిడ్ టాప్’ అంటే ముందు పలక ఒక్కటే పొరలు లేని అసలు చెక్క. ‘ఆల్ సాలిడ్’ అంటే ముందు, వెనక, పక్కలు మూడూ. ఉత్త ‘స్ప్రూస్ టాప్’ అని రాసి ‘సాలిడ్’ అన్న మాట లేకపోతే అది ప్లై అనే అనుకోవాలి. ‘రోజ్‌వుడ్ ఫినిష్’ అంటే రంగు మాత్రమే. ‘లేయర్డ్’ అన్నది లామినేట్‌కి, అంటే పొరలు అతికించిన ప్లైకి, మర్యాదైన పేరు.

లామినేట్ చెడ్డదని కాదు. టేలర్ జీఎస్ మినీకి వెనక, పక్కలు లేయర్డ్ సపెలీ అనే ఆఫ్రికా చెక్క. లిటిల్ మార్టిన్ ఎల్ఎక్స్1కి హెచ్‌పీఎల్, అంటే ఒత్తి చేసిన పలక మీద చెక్క బొమ్మ. యమహా ఎఫ్ఎస్800కి టాప్ మాత్రమే సాలిడ్. ఈ కంపెనీలు ఆ సంగతి దాచవు, వాటి గిటార్లూ బాగుంటాయి. ప్లైని సాలిడ్ ధరకు అంటగట్టడమే మోసం.

దుకాణంలోనే తేల్చుకోవడానికి ఫోన్ టార్చి చాలు. మొదట సౌండ్‌హోల్ (ముందు పలకలోని గుండ్రటి రంధ్రం) అంచు చూడండి. టాప్ మీద నిలువుగా కనిపించే చెక్క గీతలు అంచు దగ్గర కిందికి తిరిగి, మందం పొడుగునా దిగాలి. అలా దిగకుండా పైనే ఆగిపోయి, పలకకు సమాంతరంగా ఒక గీత కనిపిస్తే అది ప్లై. అంచుకు ప్లాస్టిక్ రింగ్ వేసి ఉంటే, లేదా మందంగా నల్ల రంగు పూసి ఉంటే అమ్మేవాళ్లనే వివరణ అడగండి.

వెనక పలక పరీక్ష ఇంకా ముఖ్యం, చాలామంది చేయనిది కూడా ఇదే. బయటి వైపు ఒక నల్లచార గానీ సుడి గానీ గుర్తుపెట్టుకుని, మధ్య అతుకు నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో కొలవండి. తీగలు వదులు చేయించి, ఫోన్ కెమెరా సౌండ్‌హోల్‌లో పెట్టి లోపల అదే చోట వీడియో తీయండి. సాలిడ్ అయితే ఆ చార లోపల కూడా అక్కడే, దాదాపు అదే ఆకారంలో ఉంటుంది. లోపలా రోజ్‌వుడ్ తొక్కే వేసిన లామినేట్ రంగుతో మోసం చేయగలదు కానీ గీతలు కలవవు. అతుకు మీద లోపల అంటించిన పట్టీ చూసి సాలిడ్ అనుకోవద్దు, ప్లై గిటార్లకూ ఆ పట్టీ వేస్తారు.

ఫ్రెట్‌బోర్డ్‌కి (మెడ మీద తీగలు నొక్కే పలకకి) రంగు వేశారేమో చూడాలంటే తెల్లటి గుడ్డకు కొంచెం లెమన్ ఆయిల్ రాసి రుద్దండి. నల్లగా దిగిందంటే రంగే. స్పిరిట్‌తో మాత్రం రుద్దొద్దు. అసలైన రోజ్‌వుడ్ కూడా స్పిరిట్‌కి ఊదా రంగు వదులుతుంది, పైగా బాడీ పాలిష్ పాడవుతుంది.

ఇక రోజ్‌వుడ్ పేరు కోసం వేలకు వేలు అదనంగా పెట్టొచ్చా అన్న ప్రశ్న. ఇండియన్ రోజ్‌వుడ్ మన జిట్రేగి, కన్నడంలో బీటె. పడమటి కనుమల్లో పెరిగే చెట్టు. ఘనపు మీటరుకు సుమారు 830 కిలోలు తూగుతుంది. హోండురాస్ మహాగని సుమారు 590, సపెలీ 670. బరువైన రోజ్‌వుడ్‌లో స్వరం వెంట ఉపస్వరాలు ఎక్కువసేపు మోగుతాయని, మహాగనిలో మూల స్వరం పొడిగా, స్పష్టంగా వస్తుందని వాయించేవాళ్లు చెబుతారు. కానీ 2018లో లాంకాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు వెనక, పక్కల చెక్క తప్ప మిగతాదంతా వీలైనంత ఒకేలా ఉండేట్టు ఆరు గిటార్లు చేయించి, మసక వెలుతురు గదిలో 52 మంది గిటారిస్టులతో వాయింపజేశారు. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ నుంచి సపెలీ దాకా అన్నిటికీ దాదాపు ఒకే మార్కులు పడ్డాయి. కాబట్టి వెనక చెక్క పేరుకు ఎక్కువ డబ్బు పెట్టకండి. ఆ డబ్బు టాప్‌కీ పనితనానికీ పెట్టండి.

చిన్న బాడీలో టాప్ ప్రభావం బాగా తెలుస్తుంది. డ్రెడ్‌నాట్ అనే పెద్ద బాడీ గిటార్ కింది వెడల్పు పదిహేనున్నర అంగుళాల పైన ఉంటే 00కి పద్నాలుగు అంగుళాల పైచిలుకే. బాస్ సహజంగానే తక్కువ, ఏ చెక్కా దాన్ని తెచ్చిపెట్టదు. వేళ్లతో మెల్లగా మీటేవాళ్లకు సెడార్ నయం. ఘనపు మీటరుకు సుమారు 370 కిలోలు తూగే తేలిక చెక్క, చిన్న మీటుకే పలుకుతుంది. పిక్‌తో గట్టిగా కొడితే మాత్రం శబ్దం ఒక స్థాయి దాటి పెరగదు, గోరు తగిలినా గుంట పడుతుంది. పాటకు స్ట్రమ్మింగ్ చేసేవాళ్లకు సిట్కా స్ప్రూస్ తట్టుకుంటుంది. మహాగని టాప్ శబ్దం తక్కువైనా గొంతుకు అడ్డం రాదు. టాప్ మీద పాలిష్ మందంగా, గాజులా మెరుస్తూ ఉంటే మాత్రం చెక్క ఏదైనా ఆ గిటార్ వదిలేయండి.

‘రోజ్‌వుడ్‌ని బ్యాన్ చేశారు, ఇక దొరకదు’ అని తొందరపెట్టే మాట కూడా నమ్మొద్దు. 2017 జనవరిలో సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) కింద ఇండియన్ రోజ్‌వుడ్‌కి అనుమతుల నిబంధన వచ్చింది నిజమే. కానీ తయారైన వాద్యాలకు 2019 నవంబర్ 26 నుంచి మినహాయింపు ఉంది. 1992 నుంచి కఠిన నిషేధంలో ఉన్నది బ్రెజిలియన్ రోజ్‌వుడ్. అమెరికాకు గిటార్ తీసుకెళ్లేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

చెక్క సరే, గిటార్ కట్టు ఎలా ఉందో చూడండి. స్టీల్ స్కేలుతో పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర కొలిస్తే లావు E తీగ కింద 2.5 మిల్లీమీటర్లు, సన్న E తీగ కింద 2 దరిదాపుల్లో ఉండాలి. పొడుగాటి స్కేలు ఫ్రెట్ల మీదుగా ఆనిస్తే దాని కొస బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే చెక్క ముక్క) పైఅంచును తాకాలి. బ్రిడ్జ్ కన్నా బాగా కిందికి తగిలితే మెడ కోణం పోయినట్టే. దాన్ని మెడలోపలి ట్రస్ రాడ్ అనే కడ్డీ తిప్పి సరిచేయలేరు. మెడ ఊడదీసి మళ్లీ అతికించాలి, చవక గిటార్‌కి ఆ ఖర్చు దండగ. బ్రిడ్జ్ వెనక అంచు కింద మామూలు కాగితం దూరిందా, వెనక్కి ఇచ్చేయండి.

ఆల్ సాలిడ్ నిజంగానే దొరికితే దానికి 45 నుంచి 55 శాతం తేమ కావాలి. బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి నెలల పొడి గాలికి చెక్క కుంచించుకుని ఫ్రెట్ కొసలు చేతికి గుచ్చుకుంటాయి, టాప్ పగిలే ప్రమాదమూ అప్పుడే. కేసులో తేమనిచ్చే హ్యూమిడిఫయర్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టండి. చెన్నైకి తీసుకెళ్తే సమస్య తిరగబడుతుంది. తేమకు టాప్ ఉబ్బి తీగల ఎత్తు పెరుగుతుంది, అక్కడ తేమ పీల్చే సిలికా జెల్ కావాలి. అంత కాపలా కాయలేనివాళ్లకు సాలిడ్ టాప్, లామినేట్ బాడీయే మేలు.

బిల్లు మీద మోడల్ నంబర్, సీరియల్ నంబర్, ‘టాప్ సాలిడ్, వెనక సాలిడ్, పక్కలు సాలిడ్’ అని చెక్క పేర్లతో రాయించుకుని ముద్ర వేయించండి. అది రాయడానికి వెనకాడే దుకాణంలో కొనకండి. మోడల్ నంబర్‌ని అక్కడే కంపెనీ సైట్‌లో వెతికి ‘బ్యాక్ అండ్ సైడ్స్’ వరస చదవండి. ఆన్‌లైన్‌లో కొంటే ప్యాకెట్ విప్పడం మొదలు సౌండ్‌హోల్ లోపల దాకా ఒకే వీడియో తీసి, రిటర్న్ గడువులోపే ఈ పరీక్షలన్నీ చేయండి. ఇప్పటికే మోసపోయినవాళ్లు బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్, పొరలు కనిపించే ఫొటో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపుంటే అక్కడ ఫీజు లేదు.